మోనోలిత్ మేలా, మైక్రోసర్వీసులు మేలా?

వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ కట్టేటప్పుడు బిల్లింగ్, స్టాకు, జీతాలు అన్నీ ఒకే అప్లికేషన్‌లో పెట్టాలా (మోనోలిత్), విడివిడిగా నడిచే చిన్న సర్వీసులుగా కట్టాలా (మైక్రోసర్వీసులు)?

ఖర్చు: మోనోలిత్‌కు ఒక సర్వర్, ఒక డేటాబేస్‌తో పని మొదలవుతుంది. మైక్రోసర్వీసులకు నెట్‌వర్క్, మానిటరింగ్, లాగులు (ప్రోగ్రామ్ ఎప్పుడు ఏం చేసిందో రాసిపెట్టే రికార్డులు), అన్నిటికీ అదనపు బిల్లే. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసార నాణ్యతను గమనించే టీమ్ ఒకటి విడి భాగాలను మళ్లీ ఒక్కటిగా కలిపి ఖర్చు 90 శాతం తగ్గించుకున్నామని 2023లో చెప్పింది. (మొత్తం ప్రైమ్ వీడియో కాదు, ఆ ఒక్క టూలే. ఇది చాలామంది మరిచిపోతారు.)

శ్రమ: మోనోలిత్‌లో చిన్న మార్పుకైనా మొత్తం అప్లికేషన్‌ను మళ్లీ డిప్లాయ్ చేయాలి, అంటే సర్వర్‌లో కొత్తగా పెట్టి నడపాలి. మైక్రోసర్వీసుల్లో ఆ ఒక్కటి చాలు, కానీ తప్పు వెతకాలంటే నాలుగు చోట్ల లాగులు తిరగేయాలి.

రిస్కు: అసలు చిక్కు డేటాతోనే. ఒకే డేటాబేస్‌లో బిల్లు పడటం, స్టాకు తగ్గడం ఒకే ట్రాన్సాక్షన్. జరిగితే రెండూ జరుగుతాయి, లేకుంటే ఏదీ జరగదు. విడగొడితే బిల్లు పడి స్టాకు తగ్గకపోవచ్చు. దాన్ని సరిచేసే కోడ్ మీరే రాసుకోవాలి. అయితే మోనోలిత్‌లో ఏదో రిపోర్టు మెమరీ అంతా తినేస్తే కౌంటర్లో బిల్లింగూ ఆగిపోతుంది.

చిన్న టీమ్, ఇంకా కుదురుకోని వ్యాపారం: మోనోలిత్, లోపల మాడ్యూళ్లను (కోడ్‌లోని భాగాలను) శుభ్రంగా విడదీసి.
ఒకరి రిలీజు కోసం ఇంకొకరు ఆగే పెద్ద టీములు, పండగ సేల్‌లో చెల్లింపుల మీదే పడే భారం: ముందు ఆ ఒక్క భాగాన్నే బయటికి తీయండి.