చేత్తో నొక్కే పాల పంపు: రెండు నెలలు వాడాక

180 రోజుల ప్రసూతి సెలవు అయిపోయాక నరసన్నపేట నుంచి రోజూ బస్సులో బడికి వెళ్తున్నాను. నేనొక్కదాన్నే టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో. పాప ఇంట్లో అత్తయ్య దగ్గర ఉంటుంది.

మొదటివారం చాలా టెన్షన్ పడ్డాను. ఐదో తరగతికి భిన్నాలు చెబుతుంటే జాకెట్టు తడిసిపోయేది, కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఈ పంపు కొన్నాక ఆ బాధ పోయింది. కరెంటు అక్కర్లేదు, చప్పుడు రాదు. మధ్యాహ్నం వంటామె పిల్లలకి వడ్డిస్తున్నప్పుడు, బియ్యం బస్తాల గదిలో తలుపేసుకుంటే 15 నిమిషాల పని.

లోపం ఒకటే. లోపలి రబ్బరు వాల్వు చిటికెన వేలి గోరంత ఉంటుంది. మూడో వారానికే దాని అంచు చిరిగి, లాగుడు తగ్గిపోయింది. అది విడిగా దొరకలేదు, అమ్మినవాళ్లు ఫోనెత్తలేదు. చివరికి ఇంకో పంపు కొన్నాను. పెట్టెలో ఒక వాల్వు అదనంగా పెట్టాల్సింది.

ఐసు ప్యాకులు పట్టే చిన్న డబ్బా కూడా తప్పకుండా కొనండి. పిండిన పాలు 25 డిగ్రీల లోపైతేనే 4 గంటలు బయట ఉంటాయి, మన ఎండలకి అది కుదరదు. సాయంత్రం తెచ్చిన పాలు ఫ్రిజ్‌లో పెడతాను. మర్నాడు అత్తయ్య గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచి, ఉగ్గుగిన్నెతో పడుతుంది. పాప చుక్క మిగల్చదు.