విశాఖ నుంచి ఒక్కరోజులో అరకు: ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

ఒక్కరోజే టైముంటే పొద్దున కిరండూల్ రైలెక్కి వెళ్లండి, తిరుగు ప్రయాణానికి మాత్రం కారు పెట్టుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం వేసిన లైను ఇది. గూడ్సు బండ్లకు దారిస్తూ సాయంత్రం రైలు ఎక్కడ ఆగిపోతుందోనన్న టెన్షన్ మనకెందుకు?

శృంగవరపుకోట దాటాక అసలు ప్రయాణం మొదలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలు గొంతు చించుకుని అరుస్తారు, పెద్దవాళ్లూ తక్కువేం కాదు. 2017లో వచ్చిన విస్టాడోమ్ బోగీలో అద్దాల కప్పు, తిరిగే సీట్లు బాగానే ఉంటాయి. కానీ నా ఓటు మామూలు బోగీ కిటికీకే. చల్లగాలి మొహానికి కొడుతుంటే ఏసీ దేనికి?

చాలామంది అరకు దాకా వెళ్లి, మళ్లీ బొర్రా కోసం ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి వస్తారు. దానికి బదులు బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోండి, కారును కూడా అక్కడికే రమ్మనండి. పొద్దున జనం పలచగా ఉంటారు. సున్నపురాయి కప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్లు నెత్తిన పడతాయి, మెట్లు తడిగా ఉంటాయి, కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లోతుకి దిగకపోయినా లోపలి విశాలత పైనుంచే తెలుస్తుంది. బయట కోతులున్నాయి, చేతిలో చిప్స్ ప్యాకెట్ కనబడితే ఇక అది మీది కాదు.

అక్కడినుంచి అరకు వైపు వెళ్తూ గాలికొండ వ్యూపాయింట్, సుంకరమెట్ట కాఫీతోటలు చూడొచ్చు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, వాటి నీడలో కాఫీ మొక్కలు. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన అరకు అరబికా కాఫీ ఇక్కడిదే. పొడి తోటల దగ్గరే కొనండి. మా డ్రైవర్ మాత్రం తనకు తెలిసిన చాక్లెట్ షాపుకు పదండని దారంతా ఒకటే పోరు.

భోజనానికి బొంగులో చికెన్. చికెన్ కూరి నూనె లేకుండా కాల్చిన వెదురుబొంగు చీల్చి, పొగలు కక్కే ముక్కల్ని ఆకులో బోర్లించి ఇస్తారు. అయితే ముందే కాల్చి పెట్టింది అంటగట్టకుండా కళ్లముందు కాల్చే చోటే తినండి. రేటు ముందే మాట్లాడుకోండి, చిల్లర డబ్బులు దగ్గరుంచుకోండి, ఘాట్‌లో సిగ్నల్ పోయి ఫోన్ పేమెంట్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.

అరకులో గిరిజన మ్యూజియం తప్పకుండా చూడాలి. పద్మాపురం గార్డెన్స్ పిల్లలుంటే సరే, లేకపోతే వదిలెయ్యొచ్చు. చాపరాయి వాగు పాడేరు రోడ్డులో ఉంది, టైము మిగిలితేనే. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే ఎక్కాలి, అది రాత్రి బస చేసేవాళ్ల పని. ఉండిపోవాలనిపిస్తే అనంతగిరిలోనూ టైడాలోనూ పర్యాటక శాఖ వాళ్ల రిసార్టులున్నాయి. అరకు ఊళ్లో కంటే అక్కడ ప్రశాంతంగా ఉంటుంది. పసుపుపచ్చటి వలిసెపూలు విరగబూసే నవంబరు, డిసెంబరు వారాంతాల్లో మాత్రం ముందే బుక్ చేసుకోండి.

నాలుగింటికల్లా బయల్దేరితే చీకటి పడకముందే ఘాట్ దిగిపోవచ్చు.