కుంకుమ భరిణెలో కనికట్టు: ఒక సేకర్త విశాఖ యాత్ర

ఇంద్రజాల ప్రదర్శనకు వాడే వస్తువులను సేకరించేవారు విశాఖపట్నం వెళ్లాలని అనుకోవడం అరుదు. కోల్‌కతా వెళతారు, ముంబై వెళతారు, స్తోమత ఉన్నవారు షికాగో, లండన్ వేలంపాటల్లో పాడుకుంటారు. రాజమహేంద్రవరం నుంచి నేను విశాఖ దారి పట్టడానికి కారణం ఆ చుట్టుపక్కల ఇప్పటికీ కొయ్యను, లక్కను, ఇత్తడిని బాగా ఎరిగిన చేతులు ఉండడమే. నాకు నచ్చిన విధంగా ఒక బంతి భరిణె (మూత తీసి పెట్టేలోగా లోపలి బంతి మాయమయ్యేది), ఒక జత గారడీ గిన్నెలు (బోర్లించి బంతులను మాయం చేసేవి), వీలైతే ఒక మాయ చెంబు (ఎన్నిసార్లు ఒంపినా నీళ్లు వచ్చేది) చేయించుకోవాలన్నది ఆలోచన. ఇదే కోరికతో వెళ్లేవారికి ఏ చోటికి ఎంత సమయం ఇవ్వాలో, ఎక్కడ దిగాలో, ఏ సేవను నమ్మవచ్చో తెలియాలని వివరంగా రాస్తున్నాను.

ముందుగా మంచి వస్తువు అంటే నా దృష్టిలో ఏమిటో చెప్పాలి. బజారులో దొరికే గారడీ డబ్బాలు చాలావరకు చూడగానే అనుమానం కలిగిస్తాయి; వాటి మీద నక్షత్రాలు, పడగెత్తిన పాములు, మెరుపు కాగితం, ఇంటింటా కనిపించని ఏదో వింత ఆకారం. ప్రేక్షకుడి కన్ను మొదట డబ్బా మీద పడితే, ఆ తరువాత ఇంద్రజాలికుడు ఏం చేసినా 'అంతా ఆ డబ్బాలోనే ఉంది' అన్న మాటే మిగులుతుంది. ఇంద్రజాలంలో పెద్దవారు ఈ సంగతిని ఎప్పుడో గ్రహించారు. 1845లో పారిస్‌లో సొంత రంగశాల తెరిచిన రాబర్ట్ హూడిన్ వృత్తిరీత్యా గడియారాల పనివాడు. ఆయన ఆ కాలపు పెద్దమనుషుల ఇళ్లలో ఉండే వస్తువుల రూపంలోనే తన యంత్రాలను దాచాడు. ఒకిటో పేరుతో ప్రసిద్ధుడైన థియో బాంబర్గ్ తయారుచేసిన నాణేల డబ్బాకు మూలం మందు మాత్రల డబ్బా. మన పి.సి. సర్కార్ వేదిక మీద మధ్యమధ్య ఒంపుతూ పోయిన నీళ్లు మామూలు చెంబులోంచే వచ్చేవి. కాబట్టి తెలుగు ప్రేక్షకుల ముందు పెట్టే వస్తువు తెలుగింటి వస్తువులా ఉండాలని నా పట్టుదల. కుంకుమ భరిణెను ఎవరు అనుమానిస్తారు?

ఆ భరిణె కోసమే ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు విశాఖ జిల్లాలోది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. విశాఖ నగరం నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. గోదావరి జిల్లాల వైపు నుంచి వచ్చేవారు విశాఖ దాకా వెళ్లి వెనక్కి రావడం వృథా. నేను రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో అనకాపల్లిలో దిగాను; అక్కడ ఉంటున్న మా బావ మోటారుసైకిలు మీద తీసుకువెళ్లాడు. అలాంటి బావ లేనివారు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి తుని వైపు వెళ్లే బస్సు ఎక్కి, జాతీయ రహదారి మీద దిగి, ఊళ్లోకి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి అదే ఆటోను ఆపి ఉంచుకోవడం మేలు, ఎందుకంటే సాయంత్రం అయ్యాక రహదారి దాకా బండి దొరకడం కష్టం.

ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. రసాయన రంగులను పక్కనపెట్టి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని ఈ ఊళ్లో నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ పత్రికల్లో చదివి వెళ్లినవే. చదివి తెలుసుకోలేనిది, తరిమెన (కొయ్యను తిప్పుతూ చెక్కే సాధనం) పక్కన కూర్చుంటే తెలిసేది వేరే ఉంది. అంకుడు కర్ర ముక్కను తరిమెనకు బిగించి తిప్పుతూ ఉలి ఆనించగానే తెల్లని పొట్టు చుట్టలుచుట్టలుగా రాలుతుంది. ఆకారం తేలాక రంగు కలిపిన లక్క కర్రను తిరుగుతున్న కొయ్య మీద అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి, కొయ్యను పట్టుకుని, ముందు గరుకుగా, పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఆ తరువాత ఎండిన మొగలి ఆకును మడిచి దాని మీద ఆనించి జరుపుతారు. ఆకు వెళ్లిన దారి వెంట మసక విడిపోయి, లోపలి నుంచి వచ్చినట్టు మెరుపు తేలుతుంది. బ్రష్షుతో పూసిన రంగుకు ఇంత నునుపు రాదు, ఇంత పలుచనా రాదు.

ఆ పలుచదనమే గారడీ వస్తువుకు ప్రాణం. బంతి భరిణె లోపలి అమరిక ఎలా పనిచేస్తుందో ఇక్కడ రాయను. ఆ విద్యతో కుటుంబాలను పోషించుకునేవారి పట్ల అది కనీస మర్యాద. పైకి కనిపించే దాని గురించి మాత్రం చెప్పవచ్చు. మామూలు భరిణెకు మూత, అడుగు అనే రెండు భాగాలుంటే సరిపోతుంది, వాటి మధ్య గీత కనిపించినా ఎవరికీ పట్టదు. గారడీ భరిణెకు ఉండే అదనపు అతుకు మాత్రం కనబడకూడదు. నిపుణుడైన పనివాడు అందుకోసం భరిణె పొట్ట చుట్టూ అలంకారంగా నాలుగైదు గాళ్లు తీసి, వాటిలో ఒకదాని అడుగున అతుకును కలిపేస్తాడు. అమెరికాలో ఫ్లాయిడ్ థేయర్ అనే కొయ్యపనివాడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన వస్తువులకు నేటికీ గిరాకీ ఉండడానికి ఇలాంటి పనే కారణం. ఏటికొప్పాకలో నేను గమనించినది ఏమంటే, ఇక్కడి భరిణెల మీద ఆ గాళ్లు తరతరాలుగా అలంకారం కోసమే వస్తున్నాయి. పనివాడికి కొత్త నగిషీ నేర్పనక్కరలేదు. ఉన్న నగిషీలోనే చోటు ఉంది.

నాకు పని చేసిపెట్టిన పెద్దాయన నేను గీసుకువెళ్లిన బొమ్మను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి బాబూ, మూత బిగుసుకోకూడదంటారు, ఊడిపోకూడదంటారు, అతుకు అగుపడకూడదంటారు. కొయ్య బాగా ఎండనియ్యాల మరి, తొందర పడితే అవదు" అన్నాడు. "ఎన్నాళ్లయినా ఆగుతాను పెద్దయ్యా, కొయ్య మాత్రం మీరే ఎంచండి" అన్నాను. ఆ ఒక్క మాటతో బేరం కుదిరిందని నా నమ్మకం. ముందు మామూలు భరిణె ఒకటి చేసి, మూత బిగువు నా చేతికి సరిపోయిందో లేదో చూసుకోమని ఇచ్చాడు. దాన్ని బట్టి అసలుదానికి కొలత తీసుకున్నాడు. ఊళ్లో కొందరు తయారుగా ఉన్న సరుకు అమ్మడానికే ఇష్టపడతారు, అది తప్పేమీ కాదు. ఒక్క వస్తువు కోసం తరిమెన ఆపి పనిముట్లు మార్చడం వారికి నష్టం. అందువల్ల ఒకే రకం భరిణెలు అరడజను కలిపి చేయించుకోవడం, కొంత సొమ్ము ముందే ఇవ్వడం న్యాయం. అంకుడు కర్ర దొరకడం ఏటికేడాది కష్టమవుతోందని అక్కడ అందరూ చెబుతున్నారు. ఒక్క ముక్క వృథా చేయించినా మనకు పాపమే.

ఇక బస సంగతి. సేకర్తకు బస అంటే నిద్రపోయే చోటు మాత్రమే కాదు, కొన్న వస్తువు క్షేమంగా ఉండే చోటు కూడా. మొదట బీచ్ రోడ్డులో సముద్రం వైపు గది ఉన్న ఒక హోటల్‌లో దిగాను. కిటికీలోంచి చూపు ఎంత బాగున్నా, గదిలో చెమ్మ గోడలకు పట్టి ఉంది. దుప్పట్లు సైతం తడి వాసన వేశాయి. బల్ల మీద పెట్టిన నమూనా భరిణె మూత మరునాటికి కదలనంత బిగిసింది. ఏసీ బాగుచేయించమంటే రిసెప్షన్‌లోని మనిషి మర్యాదగానే విన్నాడు, పని మాత్రం జరగలేదు. కొయ్య సామాను కోసం వెళ్లేవారు సముద్రానికి ఎదురుగా ఉన్న గదులను మానుకోవాలనే నా సలహా. ఆ తరువాత ద్వారకానగర్‌లో ఒక నడిమి తరగతి లాడ్జికి మారాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గర, గదులు చిన్నవి, వీధి శబ్దం ఎక్కువ. కాని గది పొడిగా ఉంది, తాళం గట్టి అలమరా ఉంది, మూత కూడా మళ్లీ దారికి వచ్చింది. అద్దె బీచ్ హోటల్‌లో మూడోవంతు. డాబాగార్డెన్స్ వైపు లాడ్జీలు ఇంకా చవకే, పాతనగరం దగ్గర కూడా. పూర్తిగా ఇత్తడి కోసమే వెళ్లేవారికి ఆ వైపు అనుకూలం.

పాతనగరంలో కురుపాం మార్కెట్ పరిసరాల్లోని పాత్రల దుకాణాలు నాకు ఊహించినదానికంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. వీధి గారడీవాళ్లు వాడే భారతీయ గిన్నె పాశ్చాత్యుల రాగి గిన్నెలా పొడుగ్గా ఉండదు. పొట్టిగా, బోర్లించిన చిన్న గంటలా ఉండి, నెత్తిన వేళ్ల మధ్య పట్టుకోవడానికి బొడిపె ఉంటుంది. ఆ బొడిపె వల్లే చేయి కదలికే వేరుగా వస్తుంది. అచ్చంగా ఆ గిన్నెలు ఎక్కడా దొరకలేదు. ఒక దుకాణదారు ఓపికగా పూజ సామాను అరలన్నీ దింపి, దీపపు కుందులకు వాడే మూతలు, చిన్న గంటలు చూపించాడు. ఒకే అచ్చులో పోసిన రెండు మూతలు ఎంచుకున్నాం: ఒకదాని అంచు మరొకదాని మీద పెట్టి తిప్పి, సందు లేదని చూసుకుని, వేలితో తట్టి మోత ఒకటేనా అని విని. మోత చెక్ చేయడం చాదస్తం అనుకోకూడదు. రెండు గిన్నెలు రెండు రకాలుగా మోగితే ముందు వరుసలోని పిల్లవాడు వెంటనే పట్టేస్తాడు. పోత పనిలో నాణ్యత కోరేవారు శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడిని కూడా చూడాలి. మాయ చెంబు అక్కడే చేయించాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే విశాఖ దుకాణాల్లో ఉన్నవి చాలావరకు యంత్రం మీద నొక్కిన పలుచని రేకు చెంబులు. వాటి మెడ దగ్గర అదనపు పని చేయడానికి దళసరి చాలదు.

విశాఖ పేరు ప్రపంచపు పెట్టెల చరిత్రలో ఎలా నిలిచిందో తెలిసినవారికి నగరంలో ఒక రకమైన ఉద్వేగం తప్పదు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఇక్కడి కంసాలులు గంధపు చెక్క పెట్టెల మీద ఏనుగు దంతపు పలకలు అతికి, వాటి మీద సన్నని తీగలు, పూలు చెక్కి, ఆ గీతల్లోకి నల్లని లక్క నింపేవారు. 'వైజాగపటం' పనిగా అవి లండన్ మ్యూజియంల దాకా చేరాయి. కుట్టు పెట్టెలు, రాత పెట్టెలు, లోపల అరలో అర, దాని కింద మరో అర. గారడీ కోసం చేసినవి కావు, అయినా మూసిన పెట్టె ఇంత శుభ్రంగా ఎలా మూసుకుంటుందా అని మా బోటివారు గంటలు గంటలు చూడదగ్గ పని. ఏటికొప్పాకలో పై మెరుపైన లక్కే అక్కడ గీతకు నలుపైంది. బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం ఆ కాలపు నగరాన్ని ఊహించుకోవడానికి పనికివస్తుంది. పెట్టెల కోసమే వెళ్లేవారు మాత్రం ఒక పూటకు మించి కేటాయించనక్కరలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పాత సామాను అమ్మే ఒక చోట నాకు 'దొరల కాలం దంతపు పెట్టె' అని చెప్పి ఒకటి చూపించారు. దంతానికి వెలుగులో సన్నని అడ్డుగీతలు కనబడాలి. ఇది ఎక్కడ చూసినా పాలపిండి ముద్దలా ఒకే రంగు, మూల దగ్గర అచ్చు జోడు గీత. ప్లాస్టిక్. ఒకవేళ నిజమైన దంతమే అయినా కొనకూడదు: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, ఆ తరువాతి సవరణల ప్రకారం మన దేశంలో దంతపు వ్యాపారం నేరం. అందమైన వస్తువు మీద మమకారం ఎంత ఉన్నా ఈ గీత దాటరాదు.

లేపాక్షి ఎంపోరియం, మధురవాడ శిల్పారామం రెండూ చూశాను. లేపాక్షిలో ధరలు స్థిరం, రసీదు ఇస్తారు, ఏటికొప్పాక సరుకు నాణ్యత నమ్మదగినది. ఊరి దాకా వెళ్లే వీలు లేనివారికి అదే దారి, కాని చెప్పి చేయించుకునే వీలుండదు. శిల్పారామంలో తిరునాళ్ల సమయంలో తప్ప సరుకు పెద్దగా ఉండదు.

రవాణా విషయంలో ఒక మాట. లక్క పనిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పంపితే ఎండకు లక్క మెత్తబడి సంచి గుర్తులు దాని మీద పడతాయి. ముందు పాత నూలు గుడ్డ, దాని మీద కాగితం, మూతకూ అడుగుకూ మధ్య పలుచని కాగితం, అప్పుడు అట్టపెట్టె. నేను కొన్ని వస్తువులను కొరియర్‌లో వేశాను. 'పెళుసు' అని పెద్దక్షరాలతో రాసినా ఒక పెట్టె మూల నలిగే వచ్చింది, నష్టపరిహారం గురించి అడిగితే రసీదు వెనక నిబంధన చూపించారు. అసలైన భరిణెను, జత గిన్నెలను చేతిసంచిలో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నాను. వేసవిలో రైలు కిటికీ పక్కన ఎండ తగిలేలా లక్క సామాను పెట్టకూడదు.

వెళ్లే కాలం గురించి: వానాకాలం వద్దు, కొయ్య ఎండదు, మూతల కొలత నిలవదు. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు వెళ్లడం మంచిది. పండగ ముందు వారాల్లో బొమ్మల కొలువుల సరుకుతో ఏటికొప్పాక పనివాళ్లకు తీరిక ఉండదు. మొదట ఏటికొప్పాక వెళ్లి పని అప్పగించి, ఆ తరువాత విశాఖలో ఇత్తడి చూసుకుని, తిరిగి వచ్చే దారిలో మళ్లీ ఊళ్లో ఆగి మూత బిగువు సరిచూసుకుంటే ఒక్క ప్రయాణంలోనే పని చాలావరకు తేలుతుంది. అసలైన భరిణె మాత్రం తరువాతే అందింది, కొయ్య ఎండేదాకా ఆగమన్న పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. మూత రెండు వేళ్లతో ఎత్తితే తేలిగ్గా వస్తుంది, తలకిందులు చేసినా ఊడిపడదు. గాళ్లలో అతుకు ఏ గాడి అడుగున ఉందో భూతద్దం పెట్టి వెతికిన మా బావ కూడా ఇప్పటికీ చెప్పలేకపోతున్నాడు.