అంకెలు నిజమే చెప్పాయి, పచ్చ గుర్తే ముంచింది: చెన్నై తీరంలో ఒక గాలి యాప్

ఈ యాప్‌లో నాకు ఒకే ఒక్క దాని మీద కోపం. తెర పైభాగంలో కనిపించే పచ్చ గుర్తు. మనం వెళ్లే చోటు, ఆడే ఆట ముందే ఎంచుకుని పెట్టుకుంటే, పొద్దున్నే తెరవగానే ‘వెళ్లొచ్చు’ అని పచ్చగా చూపిస్తుంది, లేదంటే పసుపో ఎరుపో. మిగతా యాప్ అంతా నాకు ఇష్టమే. డబ్బు కట్టే వాడుతున్నాను. ఆ గుర్తును మాత్రం మా బావ పుణ్యమా అని సెట్టింగ్స్‌లోకి వెళ్లి మరీ తీసేశాను.

పేరు రాయడం లేదు. రాసినా చదివేవాళ్లకు పెద్ద తేడా ఉండదు. ఈ గాలి యాప్‌లలో చాలావరకు సొంతంగా వాతావరణాన్ని లెక్కగట్టేవి కావు. యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, జర్మనీ వాళ్ల ఐకాన్... వాతావరణాన్ని లెక్కగట్టే ఈ కంప్యూటర్ మోడళ్ల అంకెలే తెచ్చుకుని, రంగులు వేసి, బాణాలు గీసి ఇస్తాయి. అంకె ఎవరి దగ్గరైనా ఇంచుమించు అదే. దాన్ని మనకు ఎలా చూపిస్తారన్న దగ్గరే తేడా వస్తుంది. నా గొడవంతా అక్కడే.

నేనుండేది చెన్నై షోలింగనల్లూరులో. ఆదివారం తెల్లవారకముందే ఈసీఆర్, అంటే తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఎక్కితే కోవళం (కేరళది కాదు) తీరం గానీ ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్ గానీ దగ్గరే. స్టాండప్ ప్యాడిల్, అంటే పెద్ద బోర్డు మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడం, నా ఆట. దీనికి అలల కన్నా గాలే ముఖ్యం. సర్ఫింగ్ వాళ్లకు ఎక్కడో పుట్టిన అల కావాలి, విండ్‌సర్ఫింగ్ వాళ్లకు గట్టి గాలి కావాలి, మాకు మాత్రం ఏదీ లేకపోతేనే పండగ.

సంగతేమిటంటే, ఓ జూన్ నెలలో మా బావ ఒంగోలు నుంచి వచ్చాడు. చిన్నప్పటి నుంచి కాలవల్లో ఈదినవాడు, నీళ్లంటే భయం లేదు. అంతకుముందు ముట్టుకాడులో నా బోర్డు మీద బాగానే తిరిగాడు కూడా. ఈసారి సముద్రం మీదే చేస్తానన్నాడు. పొద్దున యాప్ తెరిస్తే పదింటి దాకా పచ్చగా ఉంది. కోవళం వెళ్లి చూస్తే సముద్రం కూడా అలాగే ఉంది. ఒడ్డు దగ్గర చిన్న అల తప్ప మిగతా అంతా చదునుగా, అద్దంలా మెరుస్తోంది. ‘ఏంటి బావా, మా సోమశిల చెరువులా ఉంది’ అన్నాడు. (సోమశిల చెరువు కాదు, పెన్నా మీద కట్టిన డ్యామ్. ఆయనకి నీళ్లు కదలకుండా ఉంటే అన్నీ చెరువులే.)

జూన్‌లో చెన్నై గాలి గురించి తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ పొద్దుట పూట గాలి పడమర నుంచి వీస్తుంది, అంటే నేల మీద నుంచి సముద్రంలోకి. ఒడ్డున ఇళ్లు, సరుగుడు చెట్లు అడ్డం ఉంటాయి కాబట్టి తీరం పక్కన నీళ్లు కదలవు. అలల మొహాలను కూడా ఆ గాలి వెనక్కి నొక్కి పెడుతుంది. ఒడ్డు మీద నిలబడి చూసేవాడికి ఇంతకన్నా మంచి రోజు ఉండదనిపిస్తుంది. కొంచెం లోపలికి వెళ్లాక, చెట్ల చాటు అయిపోయిన చోట గాలి వీపు మీద పడుతుంది. పైగా ఎనిమిదిన్నర, తొమ్మిదింటికల్లా నేల వేడెక్కుతుంది. రాత్రంతా పైనే ఆగిపోయిన గట్టి గాలి ఆ వేడితో కలిసిపోయి కిందికి దిగుతుంది. అప్పుడు ఉన్నట్టుండి విసురుగా కొడుతుంది.

బావ అలలు విరిగే చోటు దాటాడు, బాగానే నిలబడ్డాడు, చెయ్యి కూడా ఊపాడు. గాలి వెనక నుంచి తోస్తుంటే తెడ్డు వేయకుండానే పోతుంది బోర్డు. తనకేమో తన ప్రతాపం అనిపించింది. వెనక్కి తిప్పినప్పుడు తెలిసింది. ఆరడుగుల మనిషి బోర్డు మీద నిలబడితే మనిషే తెరచాప. గాలి వేగం రెట్టింపయితే అది నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. 8 నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) గాలికి ఎదురు తెడ్డు వేయగలిగినవాడు 16 నాట్ల విసురు వచ్చినప్పుడు ఉన్నచోట ఉండటమే గొప్ప. ‘కూర్చో బావా, మోకాళ్ల మీద కూర్చో’ అని నేను ఒడ్డు నుంచి అరుస్తున్నాను. గాలి నా వైపు నుంచే పోతోంది కాబట్టి నా అరుపు తనకి వినిపించే ఉంటుంది, కానీ తను ఏమంటున్నాడో నాకు వినిపించలేదు. తర్వాత అడిగితే, వద్దులే, ఇక్కడ రాయలేను.

చివరికి పక్కనున్న జాలర్ల పల్లెలో వలలు సర్దుకుంటున్న అన్న ఒకాయన ఫైబర్ బోటు తోసుకుని వెళ్లి, తాడు విసిరి, బోర్డుతో సహా లాక్కొచ్చాడు. కాలికి లీష్, అంటే బోర్డుకు కట్టిన తాడు, ఉంది, లైఫ్ జాకెట్ ఉంది, మనిషికి ఏమీ కాలేదు. ఆ అన్న బోటు దిగుతూ తమిళంలో అన్నది మాత్రం గుర్తుండిపోయింది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక అదే తెచ్చి ఒడ్డున పడేసేదట, కాకపోతే ఈలోపు మీవాడు కంటికి కనిపించేవాడు కాదు అన్నాడు. డీజిల్‌కి డబ్బులిస్తే ముందు వద్దన్నాడు, తర్వాత టీకి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి యాప్‌లో ఆ ఉదయం గంట గంటకీ వేసిన పట్టిక తీసి చూశాను. అసలు మంట అప్పుడు పుట్టింది. ఒక్క అంకె తప్పు లేదు! సగటు గాలి 9, 10 నాట్లు. గస్ట్‌లు, అంటే విసుర్లు, 18. బాణం పడమర నుంచి తూర్పుకి. అంతా ముందే చెప్పింది. ఆ గుర్తు మాత్రం సగటు గాలి 12 నాట్లు దాటలేదు కాబట్టి పచ్చగా వెలిగింది. గాలి ఎటు వీస్తోంది, విసురు ఎంత అన్నవి దాని లెక్కలోనే లేవు. సముద్రం వైపు నుంచి వచ్చే 10 నాట్ల గాలి మనల్ని ఒడ్డుకు తెస్తుంది. నేల వైపు నుంచి వచ్చే 10 నాట్ల గాలి మనల్ని తీసుకుపోతుంది. ఈ రెంటికీ ఒకే పచ్చ రంగు వేసే గుర్తు ఎవరికి పనికొస్తుంది? తీరం తూర్పుకి ఉందా పడమరకి ఉందా అన్నది మ్యాపు చూసి తెలుసుకోవడం యాప్‌కి పెద్ద పనేం కాదు. వాళ్లకి రాశాను. సెట్టింగ్స్‌లో గాలి పరిమితి తగ్గించుకోవచ్చని మర్యాదగా జవాబిచ్చారు. దిక్కు గురించి అడిగితే ‘మీ సూచన బృందానికి పంపాం’ అన్నారు. ఆ బృందం ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

మరి ఎందుకు వాడుతున్నానంటే, మోడళ్లను పక్కపక్కన పెట్టి చూపించే పేజీ కోసం. చందా కట్టినవాళ్లకే వచ్చే పేజీ అది. మూడు మోడళ్లూ ఒకే మాట చెబితే నేను కూడా ధైర్యంగా బయల్దేరతాను. ఒకటి పదకొండుకే గాలి తిరుగుతుందని, ఇంకోటి రెండింటి దాకా తిరగదని చెబితే, ఆ రోజు ఎవరికీ సరిగ్గా తెలియదని అర్థం. ఆ తెలియకపోవడం కూడా కంటికి కనిపించేలా చూపిస్తుందే, దానికే నేను డబ్బు కడుతున్నాను. పచ్చ గుర్తు దాచిపెట్టేది సరిగ్గా దాన్నే.

ఆఫీసులో చాలామందికి ఈ యాప్ ‘గంటతో సహా చెబుతుంది’ అని ఊదరగొట్టాను. ఆ మాట జనవరి నుంచి మార్చి దాకా నిలబడుతుంది. మే, జూన్ వచ్చేసరికి కాస్త తగ్గించి చెప్పాలి. చెన్నైలో ఎండాకాలమంతా అందరూ అడిగే ప్రశ్న ఒకటే, సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుంది? పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది ఆలస్యమవుతుంది, ఊరు నలభై డిగ్రీలు దాటేది కూడా అలాంటి రోజుల్లోనే. ఈ గాలి మార్పు కొన్ని కిలోమీటర్ల వెడల్పులో జరిగే వ్యవహారం. మోడళ్లేమో భూమిని గడులుగా విడగొట్టి లెక్కగడతాయి, ఈసీఎండబ్ల్యూఎఫ్ గడి ఒక్కోటి సుమారు 9 కిలోమీటర్లు. కోవళం పడిన గడిలో కొంత నేల, కొంత సముద్రం. కొన్ని వందల మీటర్ల వెడల్పు ఉండే ముట్టుకాడు నీళ్లు, వాటి పక్కన సరుగుడు తోపులు అందులో ఎక్కడా కనిపించవు. అయినా యాప్ మాత్రం పదిన్నరకు 7, పదకొండుకు 9 అంటూ చాలా నిబ్బరంగా చెబుతుంది. గంటల మధ్య అంకెలు కొలిచినవి కావు, రెంటికీ మధ్య గీత గీసి నింపినవి. ఇంకో సంగతి, ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మనం చూసేది సాధారణంగా శనివారం సాయంత్రం ఐదున్నర నాటి పరిశీలనలతో మొదలైన లెక్క. యూరప్ మోడల్ ఫలితం బయటికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది.

అందుకే ఇప్పుడు నా పద్ధతి కొంచెం మారింది. యాప్‌లో దిక్కు, గస్ట్ చూస్తాను. మీనంబాక్కం విమానాశ్రయం అరగంటకోసారి ఇచ్చే గాలి రిపోర్టు చూస్తాను. అక్కడ పొద్దున్నే పడమటి గాలి గట్టిగా ఉంటే కోవళం మానేసి ముట్టుకాడుకి పోతాను. అక్కడైతే గాలి ఎటు తోసినా ఏదో ఒక ఒడ్డు తగులుతుంది. అలల కోసం మాత్రం మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉచితంగా ఇచ్చే సముద్ర సూచనే చూస్తాను. గాలి యాప్ ముందు పేజీలో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచొచ్చే స్వెల్ అలల జాడ ఉండదు. ఇక్కడ ఆకు కదలని రోజున కూడా అవి రావచ్చు.

మంచు గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి ఒక మాట. బెంగళూరు స్నేహితులతో చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లినప్పుడు ఇదే యాప్ వాడాను. అక్కడ నాకు బాగా పనికొచ్చింది. ఎత్తు మార్చుకుని చూసే వీలుంది, కింద సాంక్రీ ఊరికి వేరుగా, 3,800 మీటర్ల శిఖరానికి వేరుగా. గడిలో కొండలన్నీ నునుపైపోయి సగటు ఎత్తుకు దిగిపోతాయి కాబట్టి, ఎత్తు సరిచేయకుండా చూస్తే పైన మంచు పడే రోజున కూడా వాన అని చూపిస్తుంది. కిలోమీటరు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క అక్కడ ప్రాణం. పశ్చిమ విక్షోభం, అంటే చలికాలంలో హిమాలయాలకు మంచు తెచ్చే వాతావరణ అలజడి, వచ్చే రోజును నాలుగు రోజుల ముందే పట్టుకుంది. ఎన్ని సెంటీమీటర్ల మంచు అన్నది మాత్రం మా గైడ్ నవ్వి పక్కన పెట్టేశాడు, పడ్డది చూస్తే ఆయన నవ్వే కరెక్ట్. అన్నట్టు అక్కడ కూడా పచ్చ గుర్తు వెలిగింది. ట్రెక్కింగ్‌కి అనుకూలమట.

ఇక కొనాలా వద్దా అంటే, నాలాగా తీరం పక్కన ఉండి, వారానికో పొద్దుట నీళ్లలో దిగేవాళ్లకు ఆ పోలిక పేజీ డబ్బుకు తగినదే. ముట్టుకాడులో గంట సేపు అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లకు ఉచిత వెర్షన్ చాలు, అక్కడి కుర్రాళ్లు గాలి చూసే పంపుతారు. విండ్‌సర్ఫింగ్, కైట్‌సర్ఫింగ్ వాళ్లకు నా తిట్లు వర్తించకపోవచ్చు, వాళ్ల లెక్కలు వేరు, వాళ్లు బాణం చూడకుండా ఒడ్డు కూడా దిగరు. బావ తన ఫోన్లో యాప్ పెట్టుకోలేదు, వచ్చే ముందు నాకే ఫోన్ చేసి గాలి ఎటు అని అడుగుతాడు. నేను ఏడాది చందా ఒకేసారి కట్టాను. మీరు కొత్తగా తీసుకుంటుంటే నెలవారీది మేలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల అలజడిలో నేనైతే బోర్డు బయటికి తీయను, ఆ మూడు నెలలు కట్టింది దండగే.