ఏథెన్స్‌లో తత్త్వవేత్తల అడ్రసులు వెతుక్కుంటూ

ఏథెన్స్ వెళ్లినవాళ్లంతా ముందు కొండెక్కి పార్థినాన్ గుడి చూస్తారు. మేమూ చూశాం. బాగుంది, జనం కూడా బాగానే ఉన్నారు. నేను మాత్రం ఎక్కువసేపు గడిపింది కొండ కింద అగోరాలో, అంటే పాతకాలపు బజారులో.

అక్కడ ఒక మూల సైమన్ అనే చెప్పులు కుట్టేవాడి ఇంటి పునాదులున్నాయి. తవ్వకాల్లో చెప్పులకు కొట్టే ఇనుప మేకులు, సైమన్ పేరు గీసిన, తాగే కప్పు ముక్క దొరికాయి. సోక్రటీస్ అతని కొట్లో కూర్చుని కబుర్లు చెప్పేవాడని పాత రచనల్లో ఉంది. చెరసాల అనుకుంటున్న కట్టడంలో 13 బుల్లి మట్టి సీసాలు బయటపడ్డాయి. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మరణశిక్షగా తాగిన విషం లాంటిది వీటిలోనే కొలిచేవారని కొందరి ఊహ. అక్కడి మ్యూజియంలో ఇలాంటివి తీరిగ్గా చూడండి. ఫిలోపాపూ కొండమీద 'సోక్రటీస్ జైలు' అని చూపించే గుహల కోసమైతే ఎక్కనక్కర్లేదు, ఆ పేరు తర్వాత తగిలించిందే.

మర్నాడు కెరమైకోస్ అనే పాత శ్మశానం నుంచి ప్లేటో పాఠాలు చెప్పిన అకాడమీకి నడిచాం. క్రీ.పూ. 79 ప్రాంతంలో రోమ్ నుంచి చదువుకోడానికొచ్చిన వక్త సిసెరో కూడా స్నేహితులతో ఇటే నడిచాడు. జనం ఉండరని కావాలనే మధ్యాహ్నం పూట వెళ్లారట. మాకూ జనం తగల్లేదు. టికెట్ లేని మామూలు పార్కు, చెట్ల మధ్య మొండి గోడలు, బంతాడుకునే పిల్లలు.

"దీనికోసమా ఇంత ఎండలో నడిపించావు?" అన్నారు మా ఆయన.

అరిస్టాటిల్ నడిపిన బడి లైసియం 1996లో మ్యూజియం కట్టబోతుంటే బయటపడింది. మోకాలెత్తు పునాదులే, అరగంట చాలు. ఎవాంగెలిస్మోస్ మెట్రో దగ్గరే.

బస విషయానికొస్తే, మొనస్తిరాకిలో గది తీసుకోవడం నా పొరపాటు. రాత్రి రెండింటిదాకా కింద పాటలు, పొద్దున వేడినీళ్లు లేవు. అడిగితే "రేపు" అన్నారు. రెండో రోజే కూకాకీకి మారాం, అక్కడ హాయిగా నిద్రపట్టింది. శాకాహారులకు తిండి బెంగ అక్కర్లేదు. ఫావా అడగండి, అచ్చం మన ముద్దపప్పే, నెయ్యికి బదులు ఆలివ్ నూనె. అన్నం కూరిన టమాటాలు కూడా బాగుంటాయి.

చివరి సాయంత్రం అగోరా పక్క రైలు పట్టాలకు అవతల రంగుల బొమ్మల స్టోవా వెతికాం. స్టోవా అంటే స్తంభాల వసారా. క్రీ.పూ. 300 ప్రాంతంలో జెనో అనే తత్త్వవేత్త ఇక్కడ పాఠాలు చెప్పాడు, అందుకే ఆయన శిష్యులకు స్టోయిక్కులని పేరు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత ఆ దారి పట్టిన రోమ్ చక్రవర్తి మార్కస్ అరేలియస్, ఈ ఊళ్లో తత్త్వశాస్త్రం చెప్పేవాళ్లకు జీతాలు ఏర్పాటు చేశాడు. అంత పేరున్న చోటు ఇప్పుడు రోడ్డు కంటే కిందకి, గుంటలో ఉంది. కమ్మీ పట్టుకుని తొంగిచూస్తుంటే పక్క హోటల్ వెయిటర్ మెనూ కార్డు పట్టుకొచ్చాడు. మా ఆయన అప్పటికే కుర్చీ లాక్కున్నారు.