డెడ్ ఆఫ్ వింటరా, అన్‌ఫాథమబులా: నలుగురున్న ఇంటికి ఏది కొనాలి?

మొన్నటి మే నెలలో బెంగళూరు నుంచి వచ్చిన మా బావ రెండు పెద్ద పెట్టెలు వెంట తెచ్చి, సెలవులు అయ్యేదాకా అనంతపురంలో మా ఇంట్లోనే ఉంచాడు. ఒకటి డెడ్ ఆఫ్ వింటర్, రెండోది అన్‌ఫాథమబుల్. అందరూ కలిసికట్టుగా ఆడుతున్నట్టే కనిపిస్తూ, కూర్చున్నవారిలో ఒకరు లోలోపల మిగతావారిని ముంచే పనిలో ఉన్నారేమోనన్న అనుమానం మీద నడిచే ఆటలు ఇవి రెండూ. వీటిలో ఒకదాన్ని సొంతానికి కొనాలని అప్పుడే అనుకున్నాను. ఇక్కడ నేను అడిగిన అంగళ్ళలో క్యారమ్స్, లూడో, వ్యాపారం ఆట తప్ప మరేమీ దొరకలేదు కాబట్టి, పెట్టె విప్పి చూసి కొనే వీలు లేని మా ఊరివంటి చోట్ల వారికి పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

పులిజూదంలో పులి ఏదో, మేక ఏదో మొదటి నుంచీ కళ్ళెదుటే ఉంటుంది. ఈ ఆటల్లో మేకల మందలోనే పులి తల వంచుకుని మేస్తూ ఉంటుంది. తేడా ఏమిటంటే, అన్‌ఫాథమబుల్‌లో పులి తప్పనిసరిగా ఉంటుంది. డెడ్ ఆఫ్ వింటర్‌లో అసలు ఉందో లేదో కూడా తెలియదు. నా ఎంపిక చివరికి ఈ తేడా దగ్గరే తేలింది.

డెడ్ ఆఫ్ వింటర్ 2014లో ప్లెయిడ్ హ్యాట్ గేమ్స్ ప్రచురించిన ఆట; రూపకర్తలు జోనాథన్ గిల్మోర్, ఐజాక్ వేగా. నడిచే శవాలు చుట్టుముట్టిన ఒక చిన్న స్థావరంలో, గడ్డకట్టే చలికాలంలో, కొందరు బతుకు వెళ్ళదీస్తుంటారు. ఒక్కొక్క ఆటగాడి చేతి కింద కొందరు మనుషులు ఉంటారు (వారిలో స్పార్కీ అనే కుక్క కూడా ఉంది, మా ఇంట్లో దానికోసం పోటీ). బడికో, ఆసుపత్రికో, పోలీసు స్టేషనుకో, కిరాణా అంగడికో వెళ్ళి వెతికి సరుకులు తేవాలి, స్థావరంలో ఉన్నవారికి ఇద్దరికొకటి చొప్పున తిండి పెట్టాలి, ప్రతి విడతా వచ్చే ఆపదను గట్టెక్కాలి. అందరికీ కలిపి ఒక ఉమ్మడి లక్ష్యం ఉంటుంది. దానికి తోడు ఒక్కొక్కరికి ఒక రహస్య లక్ష్యం ఉంటుంది. ఉమ్మడి లక్ష్యం నెరవేరినా, తన రహస్య లక్ష్యం తీరనివాడు ఓడినట్టే లెక్క.

రహస్య లక్ష్యాలు పంచే పద్ధతిలోనే ఈ ఆట కిటుకంతా ఉంది. మనిషికి రెండు చొప్పున మామూలు కార్డులు తీసి, వాటిలో ఒకే ఒక ద్రోహి కార్డు కలిపి, తలా ఒకటి పంచుతారు. నలుగురు ఆడితే కట్టలో తొమ్మిది కార్డులు, పంచేవి నాలుగు. అంటే సగానికి పైగా ఆటల్లో ద్రోహి కార్డు పక్కన పెట్టిన కట్టలోనే ఉండిపోతుంది. అయినా అనుమానం మాత్రం తగ్గదు, ఎందుకంటే నిజాయితీపరుడికి కూడా దాచుకోవలసింది ఏదో ఒకటి ఉంటుంది. ఒక సాయంత్రం ఆపద తీరడానికి మందుల కార్డులు కావలసి వచ్చింది. మా వదిన ఆసుపత్రిలో రెండు విడతలు వెతికి కూడా "నా దగ్గర ఏమీ లేవబ్బా" అన్నది. అన్న ఆమె ముఖం చూసి నవ్వి, వెలివేయాలని ఓటుకు పెట్టాడు, ముగ్గురమూ చేతులెత్తాము. ఆట ముగిశాక చూస్తే, చివరిదాకా చేతిలో మందులు మిగుల్చుకోవడమే ఆమె రహస్య లక్ష్యమట. ద్రోహి కాని ఆటగాళ్ళు ఇద్దరు వెలికి గురైతే స్థావరం ధైర్యం సున్నాకు పడిపోయి ఆట అక్కడితో ముగిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఎవరినీ వేలెత్తి చూపడానికి మాకు నోరు రాలేదు. వదిన మాత్రం ఆ రాత్రి భోజనాల దాకా అన్నతో మాట్లాడలేదు.

లోపాలు లేవని కాదు. స్థావరం దాటి అడుగు వేసినప్పుడు పన్నెండు ముఖాల పాచిక ఒకటి వేయాలి. దానిలో ఒక ముఖం మీద పంటి గుర్తు ఉంటుంది. అది పడితే వెళ్ళిన మనిషి అక్కడికక్కడే చనిపోవడమే గాక, అదే చోట ఉన్న మరొకరికి అంటు పాకుతుంది. గంటసేపు పెంచుకున్న పథకం ఒక్క పాచికతో మట్టిపాలైనప్పుడు, లెక్క వేసి ఆడేవారికి ఒళ్ళు మండుతుంది. అట్ట బొమ్మలు నిలబడే విధం కూడా అంతంతమాత్రమే. మే నెలలో ఫ్యాను ఆపి ఆడడం మా ఊళ్ళో అయ్యే పని కాదు, ఫ్యాను వేస్తే కార్డులు చాపంతా పరుచుకుంటాయి.

అన్‌ఫాథమబుల్ 2021లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తెచ్చింది. అదే సంస్థ 2008లో విడుదల చేసిన బాటిల్‌స్టార్ గలాక్టికా ఆటను, అంతరిక్షం నుంచి సముద్రం మీదికి మార్చి కొత్తగా మలిచినది ఇది. 1913లో అట్లాంటికా అనే ఆవిరి ఓడ బోస్టన్‌కు ప్రయాణిస్తుంటుంది. నీటిలోంచి వింత జీవులు పైకి ఎక్కుతుంటాయి. ప్రయాణికుల్లోనే కొందరు వాటి సంతతి. ఇంధనం, తిండి, మనఃస్థైర్యం, ప్రాణాలు అనే నాలుగింటిలో ఏది అడుగంటినా మనుషులు ఓడినట్టే. ప్లాస్టిక్ బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి, ఆ విషయంలో రెండు పెట్టెలకూ పోలికే లేదు.

ఆపదలు ఎదుర్కొనే పద్ధతిలో అన్‌ఫాథమబుల్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. రెండింటిలోనూ కార్డులు బోర్లా వేసి, కలిపి, తిప్పి చూస్తారు. సరైనవి కూడిక, తప్పువి తీసివేత. అయితే అన్‌ఫాథమబుల్‌లో ఎవరివీ కాని రెండు కార్డులు వేరే కట్టలోంచి వచ్చి కలుస్తాయి. చెడ్డ కార్డు కనబడితే "అది నాది కాదు, కట్టలోంచి వచ్చింది" అని దబాయించడానికి ద్రోహికి చోటు దొరుకుతుంది. డెడ్ ఆఫ్ వింటర్‌లో ఆ ముసుగు లేదు. చెడ్డ కార్డు పడిందంటే మనలో ఒకరు కావాలని వేసిందే, అందుకే ద్రోహి చాలాసార్లు చెరపడం మాని, ఊరికే సాయం చేయకుండా కూర్చుంటాడు. పైగా అన్‌ఫాథమబుల్‌లో ఎవరు మనుషుల పక్షమో, ఎవరు శత్రువో చెప్పే విధేయత కార్డులను మొదట్లో ఒకసారి, ప్రయాణం సగానికి వచ్చేసరికి మరొక విడత పంచుతారు. అప్పటిదాకా మనస్ఫూర్తిగా ఓడను కాపాడినవాడు ఆ క్షణం నుంచి శత్రువు కావచ్చు. నాన్నతో కలిపి ఆరుగురం కూర్చున్న రోజు, రెండో కార్డు చూసుకున్న మా బావ మంచినీళ్ళ చెంబు కోసం చేయి చాపి, తాగకుండానే కింద పెట్టాడు. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఆట మాత్రం అద్భుతంగా సాగింది.

కాని ఆ ఆట మధ్యాహ్నం మూడు గంటలకు మొదలై రాత్రి ఏడు దాటాక ముగిసింది. పెట్టె మీద రాసిన సమయమే రెండు నుంచి నాలుగు గంటలు. నలుగురమే ఆడిన రోజు నియమాల బరువే మిగిలింది గాని ఆ బిగువు రాలేదు. ముగ్గురికి తక్కువైతే అసలు ఆడలేము. డెడ్ ఆఫ్ వింటర్ ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడవచ్చు. ఇద్దరే ఉంటే ద్రోహి కార్డు లేకుండా పూర్తి సహకారంతో ఆడే పద్ధతి కూడా నియమాల్లో ఉంది. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది నలుగురం, దొరికేది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు.

ఇంగ్లీషు చదవడం అలవాటు లేనివారు ఇంట్లో ఉంటే మరొక సంగతి ఆలోచించాలి. డెడ్ ఆఫ్ వింటర్‌లో మన వంతు వచ్చినప్పుడు కుడిపక్కన ఉన్నవారు ఒక కూడలి కార్డు తీసి చూసుకుని, అందులో చెప్పిన సంఘటన జరిగితేనే పైకి చదువుతారు. దాన్ని తెలుగులో చెప్పడం కష్టం కాదు. రహస్య లక్ష్యం సంగతి వేరు, అర్థం కాకపోతే పక్కవారిని అడిగే వీలు లేదు. అందుకని ఒక్కొక్క లక్ష్యాన్ని తెలుగులో చిన్న చీటీ మీద రాసి, కార్డుతో పాటు ప్లాస్టిక్ తొడుగులో పెట్టాము. ఆ తొడుగులు ఎలాగూ కొనక తప్పదు. ఉగ్గాని, బజ్జీ పక్కన పెట్టుకుని ఆడే ఇంట్లో తొడుగు లేని కార్డు నాలుగు ఆటలకు మించి నిలవదు.

అన్‌ఫాథమబుల్ కన్నా ధర కూడా తక్కువ కావడంతో డెడ్ ఆఫ్ వింటర్‌నే తెప్పించుకున్నాను. పెట్టె ఒక మూల నలిగి వచ్చింది, లోపలి సామాను మాత్రం క్షేమం. రెండో పెట్టె బావతో పాటే బెంగళూరు బస్సెక్కింది. దసరాకు అందరం కూడితే మళ్ళీ తెమ్మని చెప్పి పంపాను.