యూరాక్సెస్‌తో రెండున్నరేళ్లు

నాది నల్లగొండ పక్కన ఊరు. ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ చేసి, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఫెలోషిప్ ఉన్న పీహెచ్‌డీ సీటు కోసం రెండున్నరేళ్లుగా యూరాక్సెస్ వాడుతున్నాను. యూరప్‌లోని పరిశోధన ఉద్యోగాల, పీహెచ్‌డీ సీట్ల ప్రకటనలు పెట్టే పోర్టల్ ఇది. యూరోపియన్ కమిషన్ నడిపేది, ఉచితం.

మొదటి మూడు నెలలు నా తెలియనితనానికే పోయాయి. సబ్జెక్టు పేరు కొట్టి, వచ్చిన ప్రొఫెసర్ ఉద్యోగాలన్నీ చదువుతూ కూర్చునేవాడిని. పరిశోధకుల స్థాయి దగ్గర ‘ఆర్1’ ఎంచుకుంటే పీహెచ్‌డీ స్థాయివి వస్తాయని ఆలస్యంగా తెలిసింది.

దీనికంటే ముందు వేరే సైటు ఒకటి చూశాను, పేరు వద్దు. ‘ఫండెడ్’ అన్న మాట చూసి వారం రోజులు దరఖాస్తు రాశాను. మాకు బత్తాయి తోట ఉంది. కాయ బేరమాడేటప్పుడు నాన్న ముందుగా అడిగేది ‘లారీ కిరాయి ఎవరిది?’ అని. నా దరఖాస్తు సంగతి చెబితే కూడా ఆయన అడిగింది అదే: ‘ఫీజు వాళ్లదా, మనదా?’ ప్రకటన చివరిదాకా చదివితే, స్థానిక విద్యార్థుల ఫీజు వరకే వాళ్లు భరిస్తారట, విదేశీయులకు పడే తేడా మనమే కట్టుకోవాలట. అప్పటి నుంచి పరిశోధనాంశం కంటే ముందు డబ్బు గురించిన పేరానే చదువుతున్నాను.

యూరాక్సెస్‌లో నాకు బాగా పనికొచ్చినవి మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల (యూరోపియన్ యూనియన్ డబ్బుతో పలు సంస్థలు కలిసి నడిపే పీహెచ్‌డీ కార్యక్రమాలు) ప్రకటనలు. స్కాలర్‌షిప్ కాదు, ఒప్పందం మీద జీతమిచ్చే ఉద్యోగం. చేరే తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. అప్పు చేసి జర్మనీలో ఎంఎస్ చదివిన నా క్లాస్‌మేట్‌కు అక్కడి సీటు విషయంలో ఈ నిబంధనే అడ్డొచ్చింది. నేను ఏ దేశానికైనా అర్హుడినే. ఊరు దాటకపోవడం కలిసొచ్చిన సందర్భం నా జీవితంలో ఇదొక్కటే.

జర్మనీ ప్రకటనల్లో ‘ఇ13, 65 శాతం’ అని కనిపిస్తే ఆ ప్రభుత్వ వేతన శ్రేణిలో 65 శాతం జీతమని అర్థం. పని గంటలు కాగితం మీద మాత్రమే ఆ లెక్కన తగ్గుతాయని అక్కడున్నవాళ్లు నవ్వుతారు. గడువు రాత్రి 11:59 అంటే చలికాలంలో మనకు తెల్లవారుజామున 4:29. ఆ సమయానికి ఫైలు ఎక్కించి, అటు నుంచి అటే కాలేజీ బస్సెక్కిన రోజులున్నాయి.

ఇప్పటికి పదిహేడు దరఖాస్తులు, మూడు ఇంటర్వ్యూలు. సీటు ఇంకా రాలేదు. అయినా దీన్ని వదలను, దీన్నొక్కదాన్నే నమ్ముకోను కూడా. ఇక్కడ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. కంప్యూటర్ సైన్స్ వాళ్లు సీఎస్‌ఐఆర్ నెట్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి, మన సబ్జెక్టు యూజీసీ నెట్‌లో ఉంటుంది. నేనైతే డిసెంబరు పరీక్షకు ఫీజు కట్టేశాను.